గుడ్డి గీతలు

ముప్పైరెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఇంట్లో పొద్దు గడవడం అంత తేలిక కాదు. టీచరు మొదటి నెలలో అరలన్నీ సర్దింది. రెండో నెలలో సర్దిన అరలే మళ్లీ సర్దింది. మూడో నెలలో వంటింటి తలుపు ఒక పక్కకు ఎందుకు ఒరిగిందో బొమ్మ గీసి మరీ ఆడపడుచుకు వివరించబోయింది.

భర్త పోయి తొమ్మిదేళ్లయినా ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. వదినా ఆడపడుచుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని లోకం అనుకుంటుంది గానీ, వీళ్లలో భగ్గుమనేది నాలుకలు మాత్రమే.

"వదినా, నీకు పుణ్యముంటుంది, ఆ తలుపు గోల వడ్రంగికి చెప్పుకో. ఇంకాసేపు వింటే నేనూ ఒరుగుతాను" అంది ఆడపడుచు.

అలా వడ్రంగి కొట్టుకు వెళ్లింది టీచరు. అక్కడ చెక్కల వెనక గోడకు ఆనించి ఒక కిటికీ జాలీ ఉంది. సన్నటి చెక్కముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి దూరి, పది కోణాల నక్షత్రాలై, ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి చూపును లాక్కుపోతున్నాయి. ఆ కోణాలు ఎలా పట్టారని అడిగితే వడ్రంగి పైకప్పు వైపు వేలు చూపించాడు.

"నన్నడగొద్దమ్మా. గీసేది పైనున్న ఉస్తాద్. ఆయన గీసింది నేను కోస్తానంతే. కొంచెం నోటి దురుసు మనిషి. వెళ్తే వెళ్లండి."

మెట్లెక్కి వెళ్లింది. పొడవాటి గది, ఉత్తరం వైపు మూడు కిటికీలు, నాలుగు వాలుబల్లలు. డెబ్భై ఎనిమిదేళ్ల ఉస్తాద్ ఎన్నో మసీదుల గోడల మీద గచ్చు చెక్కినవాడు. ఇప్పుడు కళ్లకు పొర కమ్మింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ముఖం తెలియదు. అయినా వారానికి నాలుగు రోజులు పాఠం చెబుతూనే ఉన్నాడు.

పాఠానికి చేరిన మొదటి రోజే టీచరు సంచిలోంచి కోణమానిని తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమిటా చప్పుడు?"

"కోణమానిని, ఉస్తాద్. అరవై డిగ్రీలు కొలుద్దామని."

"కాంపస్ ఎంత తెరిచి వృత్తం గీశారో, అంతే మేర చుట్టూ వేసుకుంటూ పోండి. అరవై దానంతటదే వస్తుంది. పిలవకుండానే వచ్చే చుట్టానికి కబురెందుకు టీచరమ్మా? దాన్ని లోపల పెట్టండి."

మొదటి నెలంతా వృత్తాలే. ఒక వృత్తం, దాని చుట్టూ ఆరు. సిరా ముట్టుకోనివ్వలేదు. మొండి సూదితో నొక్కి గీయాలి. కాగితం మీద గాడి పడుతుంది, రంగు ఉండదు. ఏటవాలు వెలుతురుకు పట్టుకుంటేనే కనబడుతుంది. ఆ గాళ్లను గుడ్డి గీతలంటారు. నక్షత్రాన్ని నిలబెట్టేవి అవే. పని పూర్తయ్యాక చూసేవాళ్లకు నక్షత్రం కనబడుతుంది గానీ, అవి కనబడవు.

"నాబోటి గుడ్డివాడికి అవే గతి" అని నవ్వి, ఉస్తాద్ చూపుడువేలు గాడి వెంట నడిపించేవాడు. ఎక్కడ చెయ్యి వణికిందో, ఎక్కడ సూది జారిందో, ఏ గీత గీస్తున్నప్పుడు మనసు ఇంటి మీదికి పోయిందో వేలితోనే చెప్పేవాడు. టీచరుతోపాటు చేరిన ఇద్దరూ రెండో నెల దాటకుండానే మానేశారు. ఆవిడ మాత్రం మానలేదు. ఇన్నేళ్లూ తను పాఠంగా చెప్పిందంతా ఇక్కడ చేతికి తగులుతున్నట్టు ఉండేది.

ఆరు నేర్చింది, ఎనిమిది నేర్చింది, పది నేర్చింది. నాలుగో నెలలో ఒకరోజు మామూలుగానే అడిగింది.

"ఏడు ఎప్పుడు నేర్పుతారు?"

ఉస్తాద్ వేలు కాగితం మీద ఆగిపోయింది.

"ఏడు నేర్పను."

"అవున్లెండి. కాంపస్‌తో వృత్తాన్ని సరిగ్గా ఏడు భాగాలు చేయడం కుదరదు. ఎంత చేసినా వెంట్రుకవాసి మిగులుతుంది."

"వెంట్రుకవాసి" అన్నాడాయన, ఎవరో వీపున చరిచినట్టు ఉలిక్కిపడి. "ఈ పూటకు చాలు. వెళ్లండి."

మర్నాడు సెలవు. టీచరు పొద్దున్నే భోజనాల బల్ల తుడిచి, దళసరి కాగితాల కొత్త కట్ట విప్పింది. దుకాణం వాడు అంటించిన పట్టీ అంతవరకూ చిరగనైనా లేదు. పై కాగితం తీసి, మధ్యలో అనుకున్నచోట కాంపస్ ముల్లు ఆనించింది. ముల్లు గుచ్చుకోలేదు. అప్పటికే ఉన్న రంధ్రంలోకి దిగింది.

కాగితాన్ని కిటికీ వెలుతురుకు వాల్చి చూసింది. చక్కటి వృత్తం, లోపల మూడు భుజాలూ సమానమైన త్రిభుజం. గుడ్డి గీతలు.

ఎవరో వాడి పడేసిన కాగితం కట్టలో కలిసిపోయింది కాబోలనుకుంది. రెండోది తీసింది. అదే వృత్తం, అదే త్రిభుజం, ఈసారి ఒక భుజాన్ని సరిగ్గా సగానికి కోస్తూ ఇంకో గీత. మూడో కాగితంలో ఆ సగం మేరను కాంపస్‌తో పట్టి, వృత్తం అంచున పై చుక్క నుంచి కుడివైపు మూడు అడుగులు, ఎడమవైపు మూడు అడుగులు వేసి ఉంది. టీచరు చుక్కలు లెక్కపెట్టింది. ఏడు. మళ్లీ లెక్కపెట్టింది. ముప్పైరెండేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి ఏడు లెక్కపెట్టడానికి రెండుసార్లు పట్టింది.

మిగతా కాగితాలన్నీ తిరగేసింది. నున్నగా, తెల్లగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున మళ్లీ పై కాగితం మీద గాళ్లు. ఆ మర్నాడూ అంతే. రోజుకు ఒక్క మెట్టు. ఉస్తాద్‌తో సహా ఎవరికీ చెప్పకుండా, వచ్చిన గాళ్లను చూసి పక్కన వేరే కాగితం మీద తనూ గీసుకుంటూ పోయింది. భయం లేదని కాదు. కానీ భయం కన్నా ముందు ఇంకోటి తెలిసిపోయింది ఆవిడకు. గీసేవాళ్లెవరో గానీ పాఠం చెబుతున్నారు. తను ఒక మెట్టు సరిగా పట్టుకోకపోతే, మర్నాటి కాగితం మీద అదే మెట్టు, తక్కువ గీతలతో, ఇంకా విడమరిచి ఉండేది. మందబుద్ధి పిల్లకు ఓపిగ్గా చెప్పినట్టు.

ఐదో రోజున పంతులమ్మ బుద్ధి ఊరుకోక, చూద్దామని కావాలనే తప్పు గీసింది. కుడికి మూడు, ఎడమకు మూడు కాకుండా, ఒకే వైపుగా ఏడు అడుగులూ నడిచింది. చివరి అడుగు మొదటి చుక్కను తాకకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

మర్నాడు కట్ట విప్పితే పై కాగితం రెండుగా ఊడి చేతిలోకి వచ్చింది. సరిగ్గా ఆ తప్పు అడుగు వెంటే సూది దిగబడి కోసేసింది. ఆ ఒక్క కాగితంతో ఆగలేదు. కింద పదకొండు కాగితాల వరకూ కోత ఉంది.

ఆ రోజు టీచరుకు అన్నం సహించలేదు. ఆడపడుచు చూడనే చూసింది.

"ఏమైంది వదినా? కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నావ్."

టీచరు లేచి కట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. జరిగిందంతా చెప్పింది. ఆడపడుచు పూర్తిగా విని, పెదవి విరిచింది.

"నిద్రలో లేచి నువ్వే గీస్తున్నావు. మా అన్నయ్యా నిద్రలో నడిచేవాడు. మొగుడి గుణం పెళ్లానికి అంటదా ఏం?"

"సరే, ఇప్పుడు నేను మేలుకునే ఉన్నాగా? చూడు."

మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎవరో తివాచీ దులుపుతున్న చప్పుడు. టీచరు తెల్లకాగితం ఒకటి లాగి, కిటికీ దగ్గర రెండు చేతులతో వాల్చి పట్టుకుంది. ఆడపడుచు టీ కప్పుతో వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. చాలాసేపు ఏమీ లేదు.

"చూశావా? ఏమీ—" అనబోయి ఆగింది ఆడపడుచు.

కాగితం కుడి అంచున సన్నటి నీడ పుట్టింది. కంటికి కనబడని గోరు నొక్కి లాగుతున్నట్టు గాడి కదులుతోంది. తొందర లేదు. వంపు తిరుగుతూ, ఒకే బరువుతో, ఎడమవైపుకు. కాగితం చిన్నగా కిర్రుమంటోంది. అలా వచ్చి వచ్చి, టీచరు ఎడమ బొటనవేలి దగ్గర ఆగింది.

గాడి అక్కడే ఆగి ఉంది.

"వదినా" అంది ఆడపడుచు. "నీ వేలు అడ్డం వచ్చింది. తియ్యమంటోంది."

టీచరు వేలు తీసింది. గీత ముందుకు సాగింది.

టీ కప్పు కింద పడి పగిలింది. ఆడపడుచు దాన్ని ఎత్తనైనా ఎత్తలేదు. "ఇది మన ఇంటిది కాదు" అంది. "ఎక్కణ్నుంచి తెచ్చుకున్నావో అక్కడే అడుగు. ఇప్పుడే వెళ్లు. నేను వీధి అరుగు మీద కూర్చుంటాను. నువ్వొచ్చేదాకా లోపలికి రాను."

కాగితాలన్నీ గుడ్డలో చుట్టుకుని వెళ్లింది టీచరు. ఉస్తాద్ ఒక్కడే కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ చెప్పకుండా మొదటి కాగితం ఆయన చేతి కింద పెట్టింది.

వేలు వృత్తం వెంట తిరిగింది. త్రిభుజం మూలకు చేరింది. అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, గాడి అంచును గోటితో తడిమింది.

"మీది కుడిచెయ్యే కదా?"

"కుడిచెయ్యే."

"ఇది పుర్రచేతి గీత" అన్నాడాయన. "ఎవరు గీశారిది?"

"ఎవరూ గీయలేదు, ఉస్తాద్."

తను చూసింది చూసినట్టు చెప్పింది. ఆయన అబద్ధమనలేదు, పిచ్చి అనలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నాకో అక్క ఉండేది. నాకన్నా ఐదేళ్లు పెద్ద. నాకు వచ్చిందంతా తను చెప్పిందే. నాన్న గచ్చు పనికి వెళ్తే, మేమిద్దరం ఇంట్లో నేల మీద గీసేవాళ్లం. తనది ఎడమచేతి వాటం. నేను హడావిడి పడితే బద్దతో వేళ్ల మీద ఒక్కటి పడేది. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒక పెద్ద గోడ నా చేతికొచ్చింది. పేరు నాది, గీత తనది. గోడంతా ఏడు కోణాల నక్షత్రాలు. అంతవరకూ మా చుట్టుపక్కల ఎవరూ వేయలేదు."

"కుడికి మూడు, ఎడమకు మూడు" అంది టీచరు.

"నాకెక్కడ ఓపిక? ఒకే వైపు నడిచాను. ఒక్కో నక్షత్రానికి వెంట్రుకవాసి తేడా. వరస మీద వరస పోగై, మూడో వరసకొచ్చేసరికి వేలెడు సందు. మేస్త్రీలొచ్చారు, పెద్దలొచ్చారు. అందరి ముందూ అడిగారు. నేను గీతే తప్పు, మా అక్క గీసింది అన్నాను. తను కింద పరంజా దగ్గరే నిలబడి ఉంది. 'ఒక్కసారి పైకి రానివ్వరా, ఎలా కలుస్తుందో చూపిస్తాను' అంది. ఆ కాగితం ఉండచుట్టి పైనుంచి తన మీదికి విసిరాను. గోడంతా గీకేసి ఆరు కోణాలు వేశాం. అందరూ మెచ్చుకున్నారు. తను మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆ నెలలోనే జ్వరంతో పోయింది."

కింద వడ్రంగి రంపం చప్పుడు ఆగింది.

"ఆ కాగితాలు కాల్చెయ్యండి టీచరమ్మా. రేపటి నుంచి రాకండి."

టీచరు కదల్లేదు. తరగతిలో తప్పు చేసి తలదించుకున్న పిల్లాడి ముందు నిలబడటం ఆవిడకు కొత్త కాదు.

"ఉస్తాద్, నాకు తెలిసిన ఒక్క మాట చెబుతాను. వెనక బెంచీలో మొండివాడు ఉంటాడు. మొహం మీద చెబితే వినడు. అప్పుడేం చేస్తామో తెలుసా? వాడి పక్కనున్న పిల్లకు చెబుతాం. గట్టిగా, వాడికి వినబడేలా. ఈ పాఠం నాది కాదు. నేను పక్కనున్న పిల్లను."

ముసలాయన లేచి, తడుముకుంటూ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, శిష్యులు కూర్చునే వైపు కూర్చున్నాడు.

పదకొండు రోజులు పట్టింది. రోజూ పొద్దున టీచరు కాగితాన్ని వెలుతురుకు పట్టి వరస సరిచూసుకుని, ఆయన వేలు పట్టుకుని గాడిలో పెట్టేది. ఆయన చదువుకునేవాడు. తర్వాత పక్క కాగితం మీద తనే గీసేవాడు. అరవై ఏళ్ల పనితనం ఉన్న చెయ్యి కదా, తొందరగానే అందుకుంది. ఆ తొందరే కొంప ముంచబోయింది. నాలుగో రోజున అలవాటు చొప్పున కాంపస్‌ను ఒకే వైపు నడిపించాడు. నాలుగో అడుగు పడిందో లేదో, బల్ల మీది కాగితం దానంతటదే సర్రున చిరిగింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, మూడింటి మీదా అడ్డంగా ఎర్రటి వాత తేలింది.

టీచరు గోడకు అంటుకుపోయింది. గదిలో ఇద్దరే ఉన్నారు. గీతలు గీసే బద్ద మూలన గోడకు ఆనించినట్టే ఉంది.

ఉస్తాద్ మాత్రం ఆ వేళ్లు నోట్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "సరే, సరే" అన్నాడు. కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదటి చుక్క దగ్గర మొదలుపెట్టాడు. ఆ మాట తనతో అన్నది కాదని టీచరుకు తెలుసు.

ఆఖరి మూడు రోజులూ గచ్చు మీద పని. వడ్రంగి చట్రం చేసి, అందులో గచ్చు పోసి పైకి మోసుకొచ్చాడు. ఉస్తాద్ వేళ్లతో చూసుకుంటూ చెక్కాడు. ప్రతి నక్షత్రంలోనూ మిగిలిన ఆ వెంట్రుకవాసి సరిగ్గా కిందికి, పై చుక్కకు ఎదురుగా వచ్చి, ఆ ఒక్క వైపు కాస్త వెడల్పైంది. పక్క నక్షత్రాన్ని తలకిందులు చేసి పెడితే, దాని వెడల్పు వైపు వచ్చి దీని వెడల్పు వైపుకు అతుక్కుంది. తప్పు పోలేదు. రెండు తప్పులూ ఎదురెదురుగా కూర్చుని ఒప్పైపోయాయి. మూడో వరస, నాలుగో వరస, ఐదో వరస చెక్కినా ఎక్కడా సందు లేదు. టీచరు దారం లాగి సరిచూసింది. వడ్రంగి వేలి గోరు పెట్టి చూశాడు.

"గోరు కూడా దూరట్లేదు ఉస్తాద్" అన్నాడు. "ఇన్నేళ్లూ ఇది ఎక్కడ దాచావయ్యా?"

"నేను దాచలేదు" అన్నాడు ఉస్తాద్. "నాకివాళే వచ్చింది. మా అక్క గీసింది ఇది. ఎవరడిగినా అలాగే చెప్పు."

ఆ పలకను ఆయనే దగ్గరుండి, అప్పటి గోడ ఉన్న మసీదుకు పంపించాడు. వాళ్లు దాన్ని పుస్తకాల గది గుమ్మం పైన అమర్చారు. గచ్చు అంచున అక్కాతమ్ముళ్లిద్దరి పేర్లూ ఉన్నాయి, ముందు అక్క పేరు.

ఆ మర్నాటి నుంచి టీచరు ఇంట్లో కాగితాలు తెల్లగానే ఉన్నాయి. వారం రోజులు చూసి ఆడపడుచు కాస్త తేరుకుంది. "పాఠం అయిపోయింది. దెయ్యమైనా సెలవులివ్వాలిగా" అంది. కానీ ఆ కట్టను మాత్రం తన చేత్తో ముట్టుకోలేదు.

ఎనిమిదో రోజున టీచరు మళ్లీ పాఠానికి బయల్దేరింది. మెట్ల మధ్యలో ఉండగానే ఉస్తాద్ గొంతు వినబడింది. ఎవరికో నెమ్మదిగా సమాధానం చెబుతున్నట్టు, మధ్యమధ్య ఆగి వింటున్నట్టు. కొత్త శిష్యులెవరో చేరారనుకుని సంతోషిస్తూ తలుపు తోసింది.

ఆయన శిష్యుల వైపే కూర్చుని ఉన్నాడు. ముందు తెల్లకాగితం. దాని మీద ఆయన వేలు కదులుతోంది, గాడిలో నడిచినట్టే, ఒంపు దగ్గర ఒంపు తిరుగుతూ, మూల దగ్గర ఆగుతూ. కదులుతున్నది ఎడమచేతి వేలు. టీచరు వంగి కాగితాన్ని వెలుతురులో చూసింది. గాడి లేదు. ఆయన వేలు వెళ్లిన చోటే తన వేలు పెట్టి చూసింది. నున్నగా, చల్లగా ఉంది.

"ఉస్తాద్, ఇక్కడేమీ లేదు."

"మీకు లేదు" అన్నాడాయన, సౌమ్యంగా. "ఇది తొమ్మిది. ఇదివరకు నాకెవరూ చెప్పలేదు. దీని తర్వాత పదకొండట. కాస్త కూర్చోండి. నాకయ్యాక మీకు చెబుతాను."

ఆయన ముఖంలో భయం లేదు. ఇంత ప్రశాంతంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు టీచరు. వెనక్కి తిరిగి వెళ్లిపోవాలని ఒక్క క్షణం అనిపించింది. మెట్లు గుర్తొచ్చాయి, ఇంట్లో ఆడపడుచు గుర్తొచ్చింది. కానీ తొమ్మిది ఎలా వస్తుందో ఆవిడకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది.

చెప్పులు గుమ్మం పక్కన విడిచి, సంచి దించి, ఆయన ఎదురుగా ఉన్న గురువు బల్ల దగ్గర కుర్చీ లాగబోయింది.

"అక్కడ వద్దు టీచరమ్మా" అన్నాడు ఉస్తాద్, తల ఎత్తకుండానే. "ఇటు వచ్చి నా పక్కన కూర్చోండి."

టీచరు కుర్చీ మీద నుంచి చెయ్యి తీసేసింది. చుట్టూ తిరిగి వచ్చి, కాంపస్ తీసి, ఆయన పక్కన కూర్చుంది.